బోర్డు పోయిందక్కా

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఏదీ ఉండేది కాదు. మనిషికి జ్ఞానం నిండుగా ఉండేది ఇరవై ఒకటో ఏటనేననీ, అక్కడి నుంచి అది ఏటేటా తరుగుతూ వస్తుందనీ నా గట్టి నమ్మకం. ముప్పై దాటిన ఇప్పుడు నా దగ్గర మిగిలింది పిడికెడే. అప్పట్లో మాత్రం గంపకెత్తేంత ఉండేది. డిగ్రీలో కంప్యూటర్లు ఒక సబ్జెక్టుగా చదివినవాణ్ణి మరి (ల్యాబ్‌లో ఇద్దరికి ఒక కంప్యూటర్, నా పక్కవాడు టైపు చేసేవాడు, నేను చూసి తల ఊపేవాణ్ణి). ఆ చదువు చంకన పెట్టుకుని, కామారెడ్డిలో ఉద్యోగం దొరికే లోపు కాలక్షేపానికన్నట్టు, ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో పనికి కుదిరాను. కాలక్షేపం అన్నది నేను ఇంట్లో చెప్పిన మాట. నిజానికి ఇంకెవరూ రమ్మనలేదు.

ఆ సెంటర్ నడిపేది ఒక అక్క. నాకు వరసకు ఏమీ కాదు, బస్టాండు చుట్టుపక్కల అందరికీ ఆమె అక్కే. పుట్టిల్లు లింగంపేట. పదేళ్ళ వయసు నుంచి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషి. ఆ చుట్టడం చుడుతూనే పది పాసై, సాయంత్రాలు టైపింగ్ నేర్చుకుని, చిట్టీ ఎత్తిన డబ్బుతో ఒక కంప్యూటర్ కొని, దుకాణం పెట్టింది. భర్త మస్కట్‌లో ఉండేవాడు. దుకాణానికి ప్రాణం పెళ్ళి పత్రికలు. మాఘమాసం వచ్చిందంటే చుట్టుపక్కల పల్లెల నుంచి జనం నోటుబుక్కు కాగితాల మీద పేర్లు రాసుకుని వచ్చేవారు. ఆ నెలన్నర పనితోనే ఏడాది గడిచేది. అక్క ఒక మాట తరచూ అనేది: "ఈ దుకాణం నడిచినన్ని దినాలే తమ్మీ, నా ఒళ్ళెకు చాట రాకుంట ఉండేది." ఆ మాట నేను వినేవాణ్ణి, ఊఁ కొట్టేవాణ్ణి. దాని బరువు మాత్రం నాకు తెలియదు.

ఇక ఆ కంప్యూటర్. తొమ్మిదేళ్ళది. కొన్నప్పుడు తెల్లగా ఉండేదట, నేను చూసేనాటికి చాయ్ రంగుకు తిరిగింది. స్విచ్చు వేసి, బయటికి వెళ్ళి, చాయ్ తాగి, హోటలాయన కూతురి చదువు సంగతి కనుక్కుని వస్తే అప్పుడు తెర మీద బొమ్మ వచ్చేది. ఆ సంవత్సరం మాఘానికి ముందు దానికి కొత్త జబ్బు పట్టుకుంది. పని మధ్యలో టప్పున ఆగిపోయేది. మళ్ళీ వేస్తే ఒక్కోసారి లేచేది, ఒక్కోసారి కూతపెట్టి ఊరుకునేది. అదే సమయానికి బస్టాండు అవతల ఇంకో సెంటర్ తెరిచారు, రంగుల మిషన్‌తో. అక్క ముఖంలో దిగులు కనపడింది. ర్యాం పెంచి, హార్డ్ డిస్క్ మార్పించి, ఈ సీజన్ గట్టెక్కిద్దామా అని నన్ను అడిగింది. లోపల దుమ్ము పట్టి ఉంటుంది, ఫ్యాను చప్పుడు కూడా మారింది, ఓసారి శుభ్రం చేయిస్తే ఎట్లుంటుందని కూడా అన్నది.

నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పక్క రేకు విప్పి, సెల్‌ఫోన్ లైటు వేసి, లోపలికి ఓ నిమిషం గంభీరంగా చూశాను (నాకు కనిపించింది బూజు). తల ఎత్తి, "బోర్డు పోయిందక్కా" అన్నాను. కంప్యూటర్‌కు గుండెకాయ లాంటి ఆ బోర్డు పోయిందని నాకెలా తెలుసని మీరు అడగవచ్చు. తెలియదు. కానీ ఆ మాటలో ఒక గొప్పతనం ఉంది. ఆర్ఎంపీ డాక్టరు నరాల వీక్‌నెస్ అన్నాక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు చూడండి, ఇదీ అంతే. అక్క మాత్రం మొన్నటి దాకా నడిచింది కదా అని నసిగింది. పాత చీరకు కొత్త అంచు కుట్టినా అది పాత చీరేనని, పాతదాని మీద పెట్టే ప్రతి రూపాయీ బూడిదలో పోసిన పన్నీరేనని, బిగించి ఉన్న కొత్తది కొనక్కర్లేదు, సామాను తెచ్చి నేనే బిగిస్తానని ఓ అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అంతకు ముందు నేను బిగించినది ఇంట్లో ఫ్యాను రెగ్యులేటర్ ఒక్కటే. అది కూడా ఇప్పటికీ ఒకే స్పీడులో తిరుగుతుంది. అక్క రెండు రోజులు ఆలోచించి, మస్కట్‌కు ఫోను చేసి మాట్లాడి, చివరికి సరేనన్నది.

అక్క తన అన్న కొడుకును తొట్టెలలో వేసే పండుగకని లింగంపేటకు రెండు రోజులు వెళ్ళింది. వెళ్ళే ముందు, "అన్ని తీస్కున్నవా తమ్మీ పాతదాంట్లకెళ్ళి?" అని అడిగింది. అన్నీ తీసుకున్నానని ఛాతీ విరిచి చెప్పాను. అబద్ధం కాదు. తొమ్మిదేళ్ళ పెళ్ళి పత్రికలు, గృహప్రవేశాలు, బోనాల ఫ్లెక్సీలు, ఒక్క ఫైలు వదలకుండా కాపీ చేసుకున్నాను. తర్వాత వైర్లు పీకుతుంటే వెనక ప్రింటర్ తగిలించే చోట అగ్గిపెట్టె అంత ప్లాస్టిక్ ముక్క ఒకటి స్క్రూలతో బిగించి కనపడింది. తీద్దామని చూశాను, స్క్రూలు తుప్పు పట్టి రాలేదు. ఏదో పాతకాలం ముక్క, ఉంటే ఉందిలే అని వదిలేసి, కంప్యూటర్‌ను దుప్పట్లో మూట కట్టి, ఒళ్ళో పెట్టుకుని కామారెడ్డి బస్సెక్కాను.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో పాత, కొత్త కంప్యూటర్ సామాను అమ్మే చాచా ఒకాయన ఉండేవాడు. తెల్ల గడ్డం, నుదుటి మీదికి ఎత్తిపెట్టిన కళ్ళద్దాలు, తక్కువ మాటలు. నేను నా చీటీ తీసి చదివాను. చాచా ఒక్కో డబ్బా తీసి పెడుతూ పోయాడు. మధ్యలో ఆగి, ప్రింటర్ పోర్టు ఉన్న బోర్డు కావాలా అని అడిగాడు. ఈ కాలంలో అవి ఎవరు వాడుతున్నారు చాచా అని నేనే ఆయనకు లోకజ్ఞానం బోధించాను. పాతదానికి ఏమైందని అడిగాడు. బోర్డు పోయిందన్నాను. చాచా కళ్ళద్దాలు దించి ఒకసారి పాత కంప్యూటర్‌ను, ఒకసారి నన్ను చూసి, "అచ్ఛా" అన్నాడు. ఆ "అచ్ఛా"లో ఎంత ఉందో అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది. పాతది ఎక్స్‌ఛేంజ్ కింద పెట్టుకుని కొత్త సామాను ఇచ్చాడు.

బిగించే రోజు దుకాణం ముందు పది మంది చేరారు. ఫోనులో వీడియో చూస్తూ బిగించాను (వీడియో చూస్తున్నట్టు తెలియకుండా, మధ్యమధ్య హలో అంటూ). స్విచ్చు వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగా ఉంది. మూడు గంటలు చెమటలు కక్కాక బోర్డుకు ఇవ్వాల్సిన ఒక వైరు నా తొడ కింద దొరికింది. టెస్టింగ్ అయిపోయిందని ప్రకటించి దాన్ని తగిలించాను. నీలం లైట్లు వెలిగాయి. సాయంత్రం అక్క వచ్చి, కొబ్బరికాయ కొట్టి, పెళ్ళి పిల్ల లెక్క ఉందని మురిసిపోయింది. ఆ పొద్దు నేను నేల మీద నడవలేదు.

మర్నాడు సోమవారం పొద్దున్నే, తాడ్వాయి అవతలి పల్లె నుంచి ఒక పెద్దమనిషి బిడ్డ పెళ్ళి పత్రిక కోసం వచ్చాడు. గురువారం మొదటి పత్రిక దేవుని ముందు పెట్టి పంచడం మొదలుపెట్టాలట. అక్క కాగితం అందుకుని, కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని, నిన్న నేను ఎక్కించిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచింది. తెర మీద ఇంగ్లీషులో ఒక డబ్బా వచ్చింది, లాక్ దొరకడం లేదని. మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే. అక్క లేచి, కంప్యూటర్ వెనక్కి వంగి, చేత్తో తడిమి చూసింది.

"లాక్ ఏది తమ్మీ?"

ఏ లాక్ అని అడిగాను. రెండు వేళ్ళు ఎడం చేసి చూపించింది. అగ్గిపెట్టె అంత.

ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినప్పుడే హైదరాబాద్ నుంచి మనిషి వచ్చి ఆ లాక్ బిగించి వెళ్ళాడట. అది తగిలించి ఉంటేనే తెలుగు పడుతుంది. తీస్తే 'అ' కూడా పడదు. అమ్మినాయన ఫోను నంబరు ఎప్పుడో మారిపోయింది. తొమ్మిదేళ్ళుగా అది కంప్యూటర్ వీపున అట్లా అతుక్కునే ఉంది కాబట్టి, దాని సంగతి ఎవరికైనా చెప్పాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. నేను గొప్పగా కాపీ చేసి తెచ్చిన తొమ్మిదేళ్ళ పత్రికలు తెరిస్తే గీతలు, కామాలు, ఇంగ్లీషు అక్షరాల పిచ్చి గుంపు తప్ప ఏమీ లేదు. అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పెద్దమనిషితో "బుధారం రా బాపూ, తయారుంటది" అని చెప్పి పంపి, బల్ల దగ్గర కూర్చుంది. ఆమె కుడిచేతి వేళ్ళు ఒళ్ళో ఊరికే ఆడుతున్నాయి, ఆకు చుట్టినట్టు. నేను అది చూడలేక, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బస్టాండుకు పరుగెత్తాను.

చాచా నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఆ పాతది నిన్ననే అమ్ముడుపోయిందని, తాడ్వాయిలో ఎరువుల దుకాణం ఆయన తీసుకెళ్ళాడని చెప్పాడు. "బోర్డు పోయింది గదా చాచా, ఎట్ల అమ్మినవ్?" అని అడిగాను.

"బోర్డు ఎక్కడ పోయింది బేటా," అన్నాడు చాచా, "లోపల గింత దుమ్ము. బ్లోయర్ కొట్టిన. ర్యాం తీసి పిలగాండ్ల రబ్బరుతోని రుద్ది పెట్టిన. ఫస్ట్ క్లాస్ నడుస్తుంది." మరి ఆ రోజే చెప్పలేదేమని అడిగితే, గిరాకీ అంత గట్టిగా చెబుతుంటే మధ్యలో తాను మాట్లాడటం మర్యాద కాదన్నాడు. చాయ్ కూడా తెప్పించాడు పాపం. దాన్ని సగంలోనే వదిలేసి లేచాను.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి తాడ్వాయి మీదుగానే వచ్చాను. అంటే పొద్దున నా బస్సు ఆ ఎరువుల దుకాణం ముందు నుంచే వెళ్ళిందన్నమాట. మళ్ళీ బస్సెక్కి తాడ్వాయిలో దిగాను. యూరియా వాసనలో, బస్తాల మధ్య బల్ల మీద మన చాయ్ రంగు కంప్యూటర్ కూర్చుని ఉంది, ఠంచనుగా పనిచేస్తోంది. దుకాణం ఆయన నన్ను గిరాకీ అనుకుని కూర్చోబెట్టి, అడగకుండానే దాన్ని పొగిడాడు. నేను మెల్లగా వెనక్కి జరిగి చూశాను. లాక్ అక్కడే ఉంది. ఆయన దాని జోలికి పోలేదు, ఏమీ తెలియని మనిషి గనుక. తెలిసినవాణ్ణి నేనైతే స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని మీదికి పోయాను. అలవాటు ఎక్కడికి పోతుంది, ధీమాగా గొంతు సవరించుకుని, ఆ వెనకున్న ముక్క వేస్ట్‌దని, దేనికీ పనికిరాదని, తీసుకుపోతానని చెప్పాను.

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "పనికిరాని దానికోసం ఎల్లారెడ్డి నుంచి ఇంత దూరం వచ్చినవా తమ్మీ?"

అక్కడితో నా గంప ఖాళీ అయింది. బస్తా మీద కూలబడి ఉన్నదంతా చెప్పేశాను. బోర్డు పోయిందన్నది నేనేనని, పోలేదని, అక్క నసిగినా వినలేదని, ఆ ముక్క లేకపోతే తెలుగు పడదని, మాఘం పోతే దుకాణం మూసి ఆమె మళ్ళీ బీడీలకు కూర్చోవాలని. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు, అది తీస్తే తన కంప్యూటర్ నడుస్తుందా అని.

"నడుస్తదనే అనుకుంటున్న అన్నా," అన్నాను. "నిజం చెప్పాల్నంటె, నాకు తెల్వది."

నాకు తెలిసినంతలో, ఆ మాట నేను నోటితో అనడం అదే మొదటిసారి. ఆకాశమేమీ విరిగి పడలేదు. ఆయన లోపలి నుంచి కొబ్బరినూనె సీసా తెచ్చి స్క్రూల మీద రెండు చుక్కలు వేశాడు. పది నిమిషాలకు లాక్ చేతిలోకి వచ్చింది. ఆయన కంప్యూటర్ కూడా నడిచింది. నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను, యూరియా బస్తాలు అడ్డం వచ్చాయి.

పొద్దు గూకే వేళకు ఎల్లారెడ్డి చేరి, లాక్‌ను జేబులోంచి తీసి అక్క ముందు పెట్టి, కొత్త కంప్యూటర్ వెనక్కి వంగాను. అప్పుడు చూడండి నా అవస్థ. అది తగిలించే చోటే లేదు. ప్రింటర్ పోర్టు ఎవరు వాడుతున్నారని చాచాకు నేను చెప్పిన లోకజ్ఞానం గుర్తొచ్చింది. వెనక, ముందు, పక్కన, చివరికి కింద కూడా చూశాను. అక్క నా పక్కన వంగి తనూ చూసింది. లేచి చీర దులుపుకుని, ఇంకో బోర్డుకు పైసల్లేవు, పొద్దున మొదటి బస్సుకు తాడ్వాయి పోదాం, దీన్ని దుప్పట్ల కట్టు అన్నది.

మంగళవారం పొద్దున, కొత్త కంప్యూటర్ నా ఒళ్ళో, అక్క నా పక్కన, మళ్ళీ తాడ్వాయి. అక్క ఎరువుల దుకాణం ఆయనకు నమస్తే పెట్టి, ఇది నాలుగు రోజుల కిందటి కొత్తది, మీది తొమ్మిదేళ్ళది, మార్చుకుందామని అడిగింది. ఆయనకు అనుమానం వచ్చింది. రాదా మరి, కొత్తది ఇచ్చి పాతది పట్టుకుపోయే వాళ్ళను ఎవరు చూశారు? ఇందులో ఏమో ఉందన్నాడు. అక్క లేదన్నది. ఆయన నా వైపు తిరిగి, దీన్ని ఎవరు బిగించారని అడిగాడు. నేనే అన్నాను. ఆయన ముఖం ఇంకా వాడిపోయింది. చివరికి అక్కే, బిగించింది వీడైనా సామాను మాత్రం చాచాదేనని హామీ ఇస్తే అప్పుడు కుదుటపడ్డాడు. నీలం లైట్లు కూడా కొంత సాయం చేశాయి. పైన కొంత డబ్బు కూడా ఇచ్చాడు. ఆ డబ్బుతో అక్క తర్వాత చాచా దగ్గర ర్యాం కొని వేయించింది. అంటే మొదటి రోజు ఆమె ఏమన్నదో అదే జరిగింది, మధ్యలో నేను మూడు సార్లు బస్సుల్లో తిరిగానంతే. సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించి, లాక్ బిగించి, అక్క ఆ మధ్యాహ్నమే పత్రిక టైపు చేసింది. తెర మీద మొదటి తెలుగు అక్షరం పడగానే నేను బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను. బుధవారం పెద్దమనిషి వచ్చి పత్రికల కట్ట తీసుకుని వెళ్ళాడు. ఆ కంప్యూటర్ ఇంకో ఐదు మాఘాలు చూసింది. అక్క ఒళ్ళోకి చాట మళ్ళీ రాలేదు.

తాడ్వాయి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో జరిగిన మాట ఒకటి ఉంది, అది చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు. పాత కంప్యూటర్‌ను నాకు ఇవ్వకుండా తన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది అక్క. ఉండబట్టలేక అడిగాను, దుమ్ము పట్టిందని నీకు ముందే తెలుసు కదా అక్కా, మరి నా మాట ఎందుకు విన్నావని. ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

"తొమ్మిదేండ్లు దాని ముందట కూసున్న తమ్మీ. దాని సప్పుడు నాకెరుకనే. కని నువ్వు గంత గట్టిగ చెప్తుంటె, నాకే ఏం తెల్వదనుకున్న."

కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువగా గుచ్చుకుంది. కంప్యూటర్ పోతే చాచా దగ్గర ఇంకోటి దొరుకుతుంది. ఒక మనిషికి తన పని మీద తనకున్న నమ్మకాన్ని నేను ఒక నవ్వుతో, ఒక సెల్‌ఫోన్ లైటుతో పీకేశానని అప్పుడు తెలిసింది. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. లింగంపేట వచ్చింది, జనం ఎక్కారు, అక్క జరిగి ఒక ముసలమ్మకు చోటిచ్చింది, ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు నేను కామారెడ్డిలో కంప్యూటర్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. ఎవరైనా పాతది పట్టుకొచ్చి ఏమైందని అడిగితే, తెలియదు, మీకేమనిపిస్తుందో చెప్పండి అంటాను. కొందరు చెబుతారు, సగం సార్లు వాళ్ళు చెప్పిందే నిజమవుతుంది. కొందరు వీడికేం రాదనుకుని లేచి పోతారు. పోనీ. ఆ ఇరవై ఒక్కేళ్ళవాడు, జుట్టు పైకి దువ్వుకుని, లోకాన్నంతా విప్పి బిగించగలనన్న ధీమాతో ఎప్పుడైనా ఎదురైతే బాగుండునని అనిపిస్తుంది. తిట్టను. వాడంటే నాకు కొంచెం ఇష్టమే, అంత ధైర్యం నాకు మళ్ళీ రాలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ తాగిస్తాను, చెప్పినదంతా వింటాను, అక్క దుకాణం ఉన్న వీధిలోకి మాత్రం పోనివ్వను.